అర్పా తీరం నుండి కోరంగి మడ అడవులకు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నివసించే తెలుగువారిని "మీది ఏ ఊరండీ?" అని అడిగితే రెండు జవాబులు వస్తాయి. మొదట తాతగారి ఊరి పేరు చెబుతారు. అది శ్రీకాకుళం పక్కనో, బొబ్బిలి పక్కనో, తుని దగ్గరో ఉంటుంది. ఆ వెంటనే "అయితే మేము ఇక్కడివాళ్ళమే లెండి" అంటారు. రెండూ నిజమే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఈ అడవుల మధ్య ఇనుపదారి పరచి, బిలాస్‌పూర్‌ను కూడలి స్టేషనుగా తీర్చిదిద్దిన నాటినుండి గ్యాంగ్‌మన్లుగా, ఫిట్టర్లుగా, ఫైర్‌మన్లుగా, గుమాస్తాలుగా మనవారు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. 1931లో పార్వతీపురం - రాయపూర్ మార్గం పూర్తయిన తరువాత ఆ రాకపోకలు మరింత సులభమయ్యాయి. 2003 ఏప్రిల్‌లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ఈ పట్టణం ప్రధాన కేంద్రమయింది. నేటికీ బుధవారీ బజారులో కూరలవాళ్ళతో తెలుగులో బేరమాడవచ్చును. ఛత్తీస్‌గఢ్ ప్రజలు అమారీ భాజీ అని ఇష్టంగా తినేది మన గోంగూరే కనుక ఆ విషయంలో పరాయితనం అసలే లేదు.

మన సంస్థ పనిమీద ఈ పట్టణానికి బదిలీపై వచ్చిన మేము, ఏండ్లు గడిచేకొద్దీ రెండవ జవాబు చెప్పేవారి జాబితాలో చేరిపోయాము. సాయంకాలం అర్పా నది ఒడ్డున నడవడం మాకు అలవాటు. ఎండాకాలంలో అర్పా నదిలో నీటికంటె ఇసుకే ఎక్కువ. వానాకాలంలో మాత్రం పెండ్రా కొండల ఎర్రమన్నును కలుపుకొని పరవళ్ళు తొక్కుతుంది. ఆ నీరు శివనాథ్ నదిలోను, అక్కడినుండి మహానదిలోను కలిసి, హీరాకుడ్ జలాశయం దాటి ఒడిశా తీరంలో బంగాళాఖాతం చేరుతుంది. రాష్ట్రపు దక్షిణభాగంలోని బస్తరు నీళ్ళ దారి వేరు. ఇంద్రావతి, శబరి నదులు ఆ నీటిని గోదావరికి అప్పగిస్తాయి. అంటే సముద్రం కంటికి కానరాని ఈ రాష్ట్రం రెండు డెల్టాలకు నీటిని, ఒండ్రును పంపుతున్నదన్నమాట. ఇంజనీరింగు చదివిన రోజులనుండి మాకు ఈ విషయం తెలుసును. కానీ పటంలో చూడడం వేరు, ఆ నీరు చివరికి ఏం చేస్తున్నదో వెళ్ళి చూడడం వేరు.

2025 జనవరిలో ఆ అవకాశం కలిగింది. ఆ నెల 29వ తేదీ పుష్య బహుళ అమావాస్య. ఉత్తరాదివారికి అది మౌని అమావాస్య. ఆ సంవత్సరం ప్రయాగలో కుంభమేళా కూడ కావడంతో బిలాస్‌పూర్ స్టేషనులో అటువైపు వెళ్ళే బండ్లకు ఇసుక వేస్తే రాలనంత జనం. గోదావరి జిల్లాలవారికి మాత్రం అది చొల్లంగి అమావాస్య. గోదావరి ఏడు పాయలై సముద్రంలో కలుస్తుందని, ఆ ఏడు సంగమాలలో స్నానం చేసే సప్తసాగర యాత్ర చొల్లంగిలో మొదలవుతుందని పెద్దల మాట. కాలనీలోని మరి రెండు తెలుగు కుటుంబాలు స్నానానికి బయలుదేరాయి. మాకు స్నానంతోపాటు ఇంకొక పని కూడ ఉన్నది. తాళ్ళరేవు మండలంలో మా మామగారి కాలంనాటి రెండు రొయ్యల చెరువులు పాడుబడి ఉన్నాయి. వాటిని ఏం చేయాలో తేల్చుకుందాము రమ్మని మా శ్రీమతి అన్నగారు రెండేండ్లుగా పిలుస్తున్నారు. ఆ సంగతి తరువాత.

తిరుపతి ఎక్స్‌ప్రెస్‌లో బయలుదేరి సామర్లకోటలో దిగాము. ప్రయాణం గురించి చెప్పవలసినది ఒక్కటే. టిట్లాగఢ్ దాటాక హిందీ పలుచబడి ఒడియా చిక్కబడుతుంది. రాయగడ దాటి కొండలు దిగేసరికి "వేడి వేడి ఇడ్లీ" అన్న కేక వినబడుతుంది. మాతో వచ్చిన పిల్లలు, పుట్టింది మొదలు బిలాస్‌పూరే ఎరిగినవారు, ఆ కేకకు లేచి కూర్చున్నారు.

కాకినాడ నుండి యానాం పోయే రోడ్డుమీద చొల్లంగి. తెల్లవారకముందే జనం. మేము కూడ నీటిలో దిగి మూడు మునకలు వేసి ఒడ్డున నిలబడ్డాము. అమావాస్యనాడు సూర్యచంద్రులు ఒకే వరుసలో నిలిచి నీటిని లాగుతారు కనుక ఆటుపోట్ల తేడా ఎక్కువగా ఉంటుంది. ఈ తీరంలో అటువంటి రోజున పోటుకు, పాటుకు మధ్య నీటిమట్టం సుమారు మీటరున్నర మారుతుంది. పంచాంగం చూసి స్నానానికి ఆ రోజును నిర్ణయించిన పెద్దలకు సముద్రంతో బాగానే పరిచయం ఉండి ఉంటుందని మాలో ఒకరు అన్నారు. కాదనడానికి మాకు కారణం కనబడలేదు.

అక్కడినుండి కోరంగి మరి కొద్ది దూరమే. ఈనాడు కోరంగి ఒక చిన్న గ్రామం. రెండు వందల ఏండ్ల క్రితం అది తూర్పుతీరంలో పేరెన్నికగన్న రేవు. ఇక్కడ, పక్కనున్న తాళ్ళరేవులో ఓడలు కట్టేవారు. ఇక్కడ ఓడ ఎక్కి బర్మా వెళ్ళిన తెలుగు కూలీలను రంగూనులో ఊరి పేరుతోనే కోరంగీలు అని పిలిచేవారు. రైలెక్కి బిలాస్‌పూర్ చేరిన మనవారికంటె ముందు, ఓడెక్కి దేశాంతరం పోయిన మనవారి రేవు ఇది. 1789 డిసెంబరులో వచ్చిన ఉప్పెన ఈ రేవును ముంచింది. 1839 నవంబరు 25న వచ్చిన మరొక ఉప్పెనతో రేవు మళ్ళీ కోలుకోలేదు. కలకత్తాలోని నౌకాధికారి హెన్రీ పిడింగ్టన్ ఇటువంటి సుడిగాలులను అధ్యయనం చేసి 1848లో వాటికి 'సైక్లోన్' అని పేరుపెట్టాడు. ఆయన ముందున్న ఉదాహరణలలో కోరంగి ఒకటి. తుపానులు తోసినది కొంత, గోదావరి ఒండ్రు పూడ్చినది కొంత. రేవు పోయి మడ అడవి మిగిలింది.

1978 జూలైలో ఈ అడవిని వన్యప్రాణి సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. విస్తీర్ణం 235.7 చదరపు కిలోమీటర్లు. దేశం మొత్తంమీద మడ అడవులు సుమారు 4,990 చదరపు కిలోమీటర్లని అటవీ సర్వే లెక్క. దాన్నిబట్టి కోరంగి విలువను పాఠకులే ఊహించవచ్చును.

అటవీశాఖవారు అడవిలోనికి చెక్కల బాట వేశారు. దానిమీద నడుస్తుంటే పాదాలకింద బురద, ఆ బురదలోనుండి మేకులవలె పైకి పొడుచుకొని వచ్చిన వేళ్ళు. అవి మడచెట్టు శ్వాసవేళ్ళు. ఉప్పుబురదలో గాలి ఆడదు కనుక చెట్టు తన వేళ్ళను గాలిలోనికి పంపుతుంది. మడ ఆకు అడుగుభాగాన్ని నాలుకకు తగిలించి చూడమన్నారు. ఉప్పన! తాగిన నీటిలోని ఉప్పును చెట్టు ఆకుల ద్వారా వెలికి నెట్టివేస్తుంది. ఉప్పుపొన్నది మరొక పద్ధతి. ఉప్పును వేళ్ళ దగ్గరే వడగట్టివేస్తుంది. గొడుగు ఊచలవలె వంగిన వేళ్ళమీద నిలబడి, గింజను కొమ్మమీదనే మొలకెత్తించి, జానెడు పొడవున పెంచి, అప్పుడు నీటిలోనికి జారవిడుస్తుంది. బిడ్డను కని పెంచి పంపే చెట్టు అని మా శ్రీమతి దానికి పేరుపెట్టారు. తిల్లచెట్టు పాలు కంటిలో పడితే చూపుకే ప్రమాదం కనుక ఆ చెట్టు కొమ్మ విరవవద్దని పిల్లలను హెచ్చరించారు.

మడ అడవి అంటే ఒకే రకమైన చెట్ల గుబురు అని మేము అనుకొని వెళ్ళాము. పడవ ఎక్కి ఏటిలో గంటసేపు ప్రయాణించేసరికి ఆ అభిప్రాయం మారింది. ఏటి అంచున ఒక రకం చెట్లు, నాలుగడుగులు ఎత్తైన నేలమీద మరొక రకం, ఇంకా లోపల పోటునాడు మాత్రమే తడిసే చోట ఉప్పుమొక్కలు. పాటు సమయంలో బయటపడే బురదమేటలమీద వేలాది వలసపక్షులు. ఆ వెలుపల లోతు తక్కువ అఖాతం. దానికి సముద్రం వైపు అడ్డుకట్టవలె సుమారు 16 కిలోమీటర్ల ఇసుక దిబ్బ. దానినే హోప్ ఐలండ్ అంటారు. ఈ దిబ్బ కూడ గత రెండు శతాబ్దాలలో గోదావరి తెచ్చిన ఇసుకతో పెరిగినదే. కాకినాడ రేవుకు అలల తాకిడి తగ్గించే ఈ అడ్డుగోడకు ఏ ఇంజనీరూ అంచనా వేయలేదు, ఏ కాంట్రాక్టరూ బిల్లు పెట్టలేదు. శీతకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి దానిమీదికి వస్తాయి.

ఒక్కొక్క జీవికి ఇక్కడ ఒక్కొక్క అంతస్తు. బావురుపిల్లి చెట్లలో పగలు దాక్కొని రాత్రి ఏటి అంచున చేపలు పడుతుంది. 2018లో కెమెరాలు అమర్చి జరిపిన గణనలో ఇక్కడ 115 ఉన్నాయని అంచనా. దాని అడుగుజాడ మాత్రమే మాకు దక్కింది. నీటికుక్కలు నాలుగు మా పడవకు ముందే ఏరు దాటి, ఒడ్డెక్కి, మమ్మల్ని చూసి మళ్ళీ నీటిలోనికి జారిపోయాయి. పిల్లలకు ఆ రోజు యాత్రాఫలం అదే.

ఇక ఇంజనీరుకు ఆసక్తి కలిగించిన విషయం చెప్పాలి. పడవ మలుపు తిరిగినచోట అడవి మధ్యలోనికి వరుసగా కాలువలు కనబడ్డాయి. మధ్యన పెద్ద కాలువ, దానికి రెండువైపులా ఏటవాలుగా పిల్లకాలువలు. పైనుండి చూస్తే చేపముల్లు ఆకారం. సంగతి ఏమిటంటే, ఒకప్పుడు ఈ అడవిని వంటచెరకు కోసం కూపులుగా విభజించి మొత్తంగా నరికేవారు. చెట్లు పోయిన నేల ఎండకు ఎండి కుంగి పళ్ళెంవలె తయారయింది. అమావాస్య, పౌర్ణమి పోట్లకు అందులోనికి వచ్చిన నీరు తిరిగి పోదు. నిలిచిన నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది. ఏటికేడాది ఉప్పు పెరిగి చివరకు మడచెట్టు కూడ మొలవని నేల అవుతుంది. అటువంటి నేలలో ఎన్ని వేల మొక్కలు నాటినా చచ్చిపోతాయి. 1990 దశకంలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు, అటవీశాఖవారు, తీరగ్రామాల ప్రజలు కలిసి ఈ పళ్ళాలకు కాలువలు తవ్వారు. పోటు లోపలికి వచ్చి, పాటుతో బయటికి పోయి, రోజుకు రెండుసార్లు ఉప్పును కడిగివేయసాగింది. కాలువగట్ల వాలుమీద, నీరు తగిన ఎత్తున తగిలే చోట మొక్కలు నాటారు. అవి బతికాయి. తరువాత విత్తనాలు నీటితో వాటంతటవే వచ్చాయి.

రైల్వే పనులతో పరిచయమున్నవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. పట్టాలకింద కంకర ఎంత మంచిదైనా, స్లీపర్లు ఎంత గట్టివైనా, కట్టలో నీరు నిలిస్తే దారి కుంగుతుంది. మురుగు పోయే దారి చూడకుండా ఎన్ని టన్నుల కంకర పోసినా బురద మింగేస్తుంది. పర్యావరణ పరిరక్షణ అంటే మొక్కలు నాటడమని మనలో చాలమంది అభిప్రాయం. ఏటా జూన్ 5న మన టౌన్‌షిప్పుల్లో గుంటలు తీసి, ఫోటోలు దిగి, నాటిన మొక్కల సంఖ్యను నివేదికలో రాస్తాము. ఆ సంఖ్య పక్కన మరుసటి ఏడు బతికిన మొక్కల సంఖ్య రాసే గడి ఉంటే బాగుండునని మా మనవి. కోరంగిలో మేము చూసినది మొక్కల లెక్క కాదు, నీటిమట్టాల లెక్క.

పడవ నడిపిన పెద్దమనిషి పక్క గ్రామపు మత్స్యకారుడు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను కొట్టిన తుపానులో వేయిమందికి పైగా చనిపోయారు. ఆ రాత్రి వేటకు వెళ్ళి తిరిగిరాని బంధువులు ఆయనకు ఉన్నారు. "అడివి వెనకాల ఉన్న ఇళ్ళకి గాలి దెబ్బే గానీ అల దెబ్బ తగల్లేదండి" అన్నారు. దీనిని మేము పూర్తిగా నమ్మకుండా ఇంటికి వచ్చి చదివి చూశాము. 1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన మహాతుపానుపై సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే పరిశోధకులు 2009లో ఒక అధ్యయనం ప్రకటించారు. కేంద్రపడా జిల్లాలో, సముద్రానికి తమకు మధ్య మడ అడవి వెడల్పుగా ఉన్న గ్రామాలలో మరణాలు గణనీయంగా తక్కువని తేల్చారు. ముందస్తు హెచ్చరిక అంతకంటె ఎక్కువ ప్రాణాలను కాపాడిందని కూడ అదే అధ్యయనం చెప్పింది. రెండూ గుర్తుంచుకోవలసినవే. అడవి ఉన్నది గదా అని తుపానునాడు ఇంట్లో కూర్చోరాదు. కేంద్రపడా మహానది డెల్టాలోనిది. మన అర్పా నీళ్ళు చేరే చోటు.

ఈ అడవికి నీటి అవసరం రెండువైపులనుండి. సముద్రపు పోటు ఒకటి, నది తెచ్చే మంచినీరు, ఒండ్రు రెండవది. ధవళేశ్వరం ఆనకట్టను 1852 నాటికి పూర్తిచేసిన కాటన్ దొరకు డెల్టా రైతులు నేటికీ మొక్కుతారు. అందులో మాకు భేదాభిప్రాయం లేదు. అయితే నదిపై, ఉపనదులపై వరుసగా జలాశయాలు కట్టేకొద్దీ ఒండ్రు వాటిలోనే ఆగిపోతున్నది. గోదావరి సముద్రానికి తెచ్చే ఒండ్రు 1970 దశకంలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులు ఉండేదని, 1990 దశకంలో 6 కోట్ల టన్నులకు లోపుగా పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో వెల్లడించారు. నేల పెరగడం ఆగితే సముద్రం కోయడం మొదలుపెడుతుంది. డెల్టా అంచున మడనేల కోతకు గురవుతున్న చోట్లు మా పడవ నుండే కనబడ్డాయి. వేళ్ళతో సహా ఒరిగిన చెట్లు, అవతల ఉత్త నీరు. సంరక్షణ కేంద్రం చుట్టూ ఎంత కట్టుదిట్టమైన కంచె వేసినా ఆ కోత ఆగదు. దాని తాళంచెవి కొంత ఎగువన, బస్తరులోను, తెలంగాణలోను, మహారాష్ట్రలోను ఉన్నది.

దగ్గరలోని తాకిళ్ళు వేరే ఉన్నాయి. 2020లో కాకినాడ దుమ్ములపేట వద్ద ఇళ్ళస్థలాల కోసం మడ అడవిని చదునుచేయగా వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఇల్లులేనివారికి ఇల్లు కావలసిందే. కానీ బురదనేల కనబడగానే అది ఎవరికీ పనికిరాని బీడని రాసుకొనే అలవాటు మన రెవిన్యూ లెక్కలకు పూర్వంనుండీ ఉన్నది.

ఇక్కడ మన బోటి సంస్థల ఉద్యోగులకు ఒక ఆసక్తికరమైన ఉదాహరణ. ఇదే తీరంలో దక్షిణాన, పులికాట్ సరస్సుకు సముద్రానికి మధ్య శ్రీహరికోట దీవి. 1969లో రాకెట్ కేంద్రం కోసం దానిని ఎంపికచేశారు. 1971 అక్టోబరులో మొదటి రాకెట్ ఎగిరింది. భద్రత కోసం రాకపోకలు కట్టడి చేయడంతో అక్కడి తీరపు అడవి గొడ్డలివేటు తప్పించుకొని నిలబడింది. అక్కడ తరతరాలుగా బతికిన యానాదులు చోటు మారవలసివచ్చిందన్నది కూడ ఆ కథలో భాగమే. సంస్థల కంచెలలోపల ఉన్న భూమి కేవలం రిజర్వులో ఉంచిన స్థలం కాదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని పాత చెట్లలో ఎన్ని రకాల పక్షులున్నాయో లెక్కపెట్టినవారికి ఇది తెలుసును. మనకు దగ్గరలోని కోప్రా జలాశయం సాగునీటి కోసం కట్టినదే. వలసపక్షుల కారణంగా 2025 డిసెంబరులో రామ్‌సర్ జాబితాలో చేరి ఛత్తీస్‌గఢ్‌కు ఆ గౌరవం మొదటిసారి తెచ్చింది.

ఇక చెరువుల సంగతి. మా మామగారు 1992లో, గోదావరి జిల్లాలంతటా రొయ్యల మోజు సాగుతున్న రోజులలో, తమ ఉప్పునేలలో రెండు చెరువులు తవ్వించారు. రెండు పంటలు బాగా వచ్చాయి. 1995లో తెల్లమచ్చ తెగులు వచ్చి చెరువుకు చెరువు తుడిచిపెట్టుకుపోయింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో తీరంలో రొయ్యల సాగుపై ఆంక్షలు వచ్చాయి. అప్పులు తీరేసరికి ఆయనకు ఓపిక తీరింది. ఇన్నేండ్లూ ఏటి పక్కనున్న చెరువు తూము మూసుకుపోయి ఉప్పు పేరుకొని తెల్లగా పడి ఉన్నది. రోడ్డు పక్కనున్నది కొంత మెరుగు. రెండింటినీ కలిపి వనామీ సాగుకు కౌలుకు తీసుకుంటామని బేరం వచ్చింది. బావగారింట్లో పెళ్ళి చేయవలసిన అమ్మాయి ఉన్నది. కనుక అది తేలికగా తోసివేయదగిన బేరం కాదు.

"బావగారూ, మీరు అడివి చూసొచ్చి మాట్లాడుతున్నారు. నేను అప్పు చూసొచ్చి మాట్లాడుతున్నాను" అన్నారాయన. మాకు నవ్వు రాలేదు. మా శ్రీమతి మాత్రం, "అన్నయ్యా, ఏటి చెరువు గట్టు ప్రతి తుపానుకూ తెగుతూనే ఉన్నది గదా. దానిమీద వచ్చే కౌలు దాని గట్టుకే సరిపోతుంది" అని లెక్క అడిగారు. కాగితం తీసి ఇద్దరూ పదేండ్ల మరమ్మతు ఖర్చు రాశారు. అన్నాచెల్లెళ్ళు లెక్కలో కూర్చుంటే మధ్యలో మాట్లాడకపోవడమే మంచిదని మేము కాఫీ పనిలో పడ్డాము. రాత్రి భోజనాల వేళకు నిర్ణయమయింది. రోడ్డు చెరువు కౌలుకు, ఏటి చెరువు ఏటికి.

మరునాడు అటవీశాఖ రేంజి కార్యాలయానికి వెళ్ళి సలహా అడిగాము. ముందు మొక్కలు నాటవద్దు, నీరు ఆడే దారి చూడండి, విత్తనం అదే వస్తుందన్నారు. పౌర్ణమికి, అష్టమికి పోటు ఎంత ఎత్తుకు వస్తున్నదో తెలియడానికి ఏటిలో ఒక వెదురుగడ పాతి గుర్తులు పెట్టే పని బావగారు తీసుకున్నారు. చెరువు అడుగు ఎత్తుపల్లాలు కొలవడానికి పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. తాపీమేస్త్రీలు వాడే నీటిగొట్టం చాలును. చెరువు అడుగు ఏటి పాటుమట్టానికి రెండడుగులు పైన ఉన్నట్టు తేలింది. అంటే గండి కొడితే నీరు లోపలికి వచ్చుటయేగాక పూర్తిగా బయటికి పోతుంది కూడ. అది శుభవార్త. గండి అడుగు చెరువు అడుగుకంటె ఎత్తుగా ఉంటే మళ్ళీ పళ్ళెమే అవుతుంది.

2025 మే నెలలో గట్టుకు రెండుచోట్ల గండ్లు కొట్టించారు. లోపల చేపముల్లు కాలువలు నలుగురు కూలీలు పదకొండు రోజులు తవ్వారు. వర్షాలు కడిగాయి. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటినప్పుడు ఏటివైపు గట్టు మరి ముప్ఫై గజాలు జారిపోయింది. బాగుచేయించే అవసరం లేకపోయిందని బావగారు ఫోనులో చెప్పినప్పుడు ఆయన గొంతులో మొదటిసారి కొంత తేలికదనం వినిపించింది. కార్తికమాసంలో ఫోటోలు పంపారు. కాలువ అంచుల వెంట జానెడు ఎత్తున మడమొలకలు వచ్చాయి. ఒక ఫోటోలో మా శ్రీమతి లెక్కపెట్టి నలభై రెండు అన్నారు. చెరువు నడిమి భాగం మాత్రం ఇంకా తెల్లగానే ఉన్నది. అక్కడికి మరొక పిల్లకాలువ కావాలో, మరి రెండు వర్షాకాలాలు కావాలో ఈ వేసవిలో మళ్ళీ గొట్టం పట్టి చూడవలసి ఉన్నది.

కోరంగి చూడదలచిన మన ఉద్యోగుల కుటుంబాలకు కొన్ని సూచనలు. బిలాస్‌పూర్, రాయపూర్ నుండి వచ్చేవారు సామర్లకోటలో దిగి కాకినాడ చేరవచ్చును. విశాఖపట్నం నుండి రోజూ బండ్లు ఉన్నాయి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మంచి కాలం. పక్షులు కావాలంటే పాటు సమయంలోను, పడవ షికారు కావాలంటే పోటు సమయంలోను వెళ్ళాలి. కనుక బయలుదేరేముందు కాలెండరులో తిథి చూసుకొని, పడవవారిని వేళ అడిగి తెలుసుకోవడం మంచిది. అడవిలో దుకాణాలుండవు. తాగునీరు వెంట తెచ్చుకోవాలి, ఖాళీ సీసాలు తిరిగి తీసుకుపోవాలి. దోమలు కలవు. మా బావగారి చెరువు కూడ చూస్తామనేవారికి స్వాగతం. గట్టుమీదికి బండి రాదు, ఆఖరి రెండు వందల గజాలు మోకాలిలోతు బురద. చెప్పులు చేతిలో పట్టుకొని నడవవలసి ఉంటుంది.